పారిస్ పట్నం, నా మెడ మీద ఆఫీసరు కొడుకు

పోయిన నెల మా గోదావరిఖనిలో ఒక ఫంక్షన్ హాలు మాట్లాడి, రిటైరైన బొగ్గుబాయి పనివాళ్లందరినీ పిలిచి, శాలువాలు కప్పి భోజనం పెట్టారు. మోకాళ్లు పట్టేసినవాళ్లం, చెవులు పోయినవాళ్లం, మెట్టుమెట్టుకూ ఆగి దగ్గేవాళ్లం, అందరం ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుంటే, వేదిక మీద మెత్తటి కుర్చీలో మా కాలపు ఆఫీసరు ఒకాయన కూర్చున్నాడు. ఆయనా ముసలివాడయ్యాడు, చేతిలో కర్ర ఉంది, చెవిలో మిషను ఉంది, కానీ మైకు చూడగానే మనిషిలో పాత హుషారు లేచింది. ఇప్పటి పిల్లలు ఫోన్లలో చూసి మురిసిపోతున్న పారిస్ పట్నాన్ని ఆ రోజుల్లోనే తన కార్మికులకు దగ్గరుండి చూపించినవాడు తానేనని, వాళ్లను సొంత తమ్ముళ్లలాగా వెంటబెట్టుకుని వీధివీధీ తిప్పానని ఆయన చెప్పాడు. హాలు హాలంతా చప్పట్లు కొట్టింది. నా పక్కన కూర్చున్న బావ కూడా కొట్టాడు.

నేను కొట్టలేదు. ఆ కార్మికులం మేమిద్దరమే, నేనూ బావా. అందులో పారిస్ వీధులు తిరిగినవాణ్ణి నేనొక్కణ్ణే, బావ ఎక్కడున్నాడో తరువాత చెబుతాను. ఆయన నాకు పారిస్ ఎట్లా చూపించాడో మీరూ తెలుసుకోవాలి కనుక, నాలాగే బాయిలో జీవితం అరగదీసుకున్న మీ కోసం ఇది రాస్తున్నాను.

ముందు నా సంగతి. నాకు బడి దక్కలేదు. హాలేజి ఇంజను దగ్గర డ్యూటీ చేస్తూ, కింది నుంచి గంట మోగేదాకా దొరికే ఖాళీలో, మిరపకాయ బజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్కలు విప్పి అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి. ఒక్కోసారి కథ సగంలో నూనె మరక వచ్చేది, మిగతా సగం ఏమై ఉంటుందా అని షిఫ్టంతా ఆలోచించేవాణ్ణి. అట్లా వచ్చిన చదువుకు ఒక గుణం ఉంది. చదివింది మరుపు రాదు, విన్నది మరుపు రాదు, పడ్డది అసలే మరుపు రాదు.

హాలేజి అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. బాయి లోపల బొగ్గు నింపిన టబ్బులను ఇనుప తాడుతో పైకి లాగే ఇంజను అది. నడిపేవాడు పైన ఉంటాడు, టబ్బులు ఎక్కడో కింద చీకట్లో ఉంటాయి, ఒకరికొకరు కనబడరు. మధ్యలో ఉండేది గంట ఒక్కటే. కింది నుంచి తీగ గుంజి ఒకసారి మోగిస్తే ఆపాలి, రెండుసార్లు మోగిస్తే కిందికి దింపాలి, మూడుసార్లు మోగిస్తే పైకి లాగాలి. నేను ఆ ఇంజను దగ్గర చేరిన రోజున మా నాయిన చెప్పిన మాట ఒకటుంది. ఆయన తట్టా చెమ్మసూ పట్టి, అంటే బుట్టా పారా పట్టి, వంగి బొగ్గు ఎత్తి ఎత్తి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నవాడు, దగ్గు ఆగినప్పుడు మాత్రమే మాట్లాడేవాడు. ఆయన అన్నది ఇది: "మూడు కొట్టిండంటే లాగుడే. కొట్టినోడు ఎవడని అడుగొద్దు."

అటువంటి నన్ను పరదేశం ఎందుకు పంపారంటే, మనుషులు పారలతో ఎత్తే బొగ్గును తానే ఎత్తి పోసే కొత్త మెషీను ఒకటి ఫ్రాన్సు నుంచి వస్తుందన్నారు. దాని పని నేర్చుకోవడానికి ఇద్దరు కార్మికులనూ ఒక ఆఫీసరునూ అక్కడికి పంపాలన్నారు. కార్మికుల్లో ఒకణ్ణి నేను. రెండోవాడు మందమర్రి నుంచి వచ్చిన నా తోటివాడు, చుట్టరికం ఏమీ లేకపోయినా మొదటి రోజు నుంచీ ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. వచ్చే మెషీను మాత్రం ఒక్కటే. దాని సీటు మీద కూర్చునేది మా ఇద్దరిలో ఒక్కడే, ఎవడన్నది ఆఫీసరు చెప్పిన మాట మీదే ఉంటుందని బయల్దేరకముందే మాకు తెలుసు. ఆ సీటు అంటే ఏమిటో మా ఇంట్లో వాళ్లకు చెప్పనక్కర్లేదు. మా తాత పార పట్టాడు, మా నాయిన పార పట్టాడు, నేను ఇంజను దగ్గర నిలబడ్డాను. మా వంశంలో కూర్చుని పని చేసినవాడు లేడు. లక్ష్మీనగర్ దర్జీ కుట్టిన కొత్త కోటు వేసుకుని రైలుకు పోతుంటే మా నాయిన మంచంలో లేచి కూర్చుని, మిషను మీద కూసొనే రావాలె అన్నాడు. మిషను అక్కడ కాదు నాయినా, ఇక్కడికొచ్చాక కూర్చునేది అని చెప్పినా ఆయనకు ఎక్కలేదు.

అక్కడ ఒక చిన్న ఊళ్లో మెషీను పని నేర్పారు. దాని గురించి నాకు ఫిర్యాదు లేదు, నేర్పినవాళ్లు మంచివాళ్లు, చేతులతో చూపించేవాళ్లు, భాష అడ్డం రాలేదు. బావా నేనూ పోటీ పడి నేర్చుకున్నాం. తిరుగు ప్రయాణానికి ముందు రెండు రోజులు పారిస్‌లో ఉండాలన్నారు. సరిగ్గా అప్పటికి ఆఫీసరు భార్య, నడక దాటి పరుగు నేర్చిన కొడుకును వెంటేసుకుని ఇండియా నుంచి వచ్చి దిగింది. మా పారిస్ చూడటం అక్కడే మొదలై అక్కడే ముగిసింది.

నాకు ఆ పట్నంలో చూడాలని ఒకటే ఉండేది. రాజుగారి జైలును జనం గునపాలతో కూల్చేసిన చోటు ఒకటి అక్కడ ఉందని బజ్జీల పేపర్లోనే చదివాను. ఆ మట్టి మీద ఒకసారి నిలబడి రావాలనుకున్నాను. మొదటి రోజు పొద్దున్నే ఆఫీసరుతో ఆ మాట అంటే ఆయన నవ్వి, కూల్చేసిన చోట చూడటానికి ఏముంటుందయ్యా అన్నాడు. తరువాత జేబులోంచి చిన్న పటం తీసి ఇనుప గోపురం, నది, రాణుల మేడలు, బొమ్మల కొట్టాలు, అంటే మ్యూజియాలు, అన్నీ వేలితో చూపించి, నడవమన్నాడు. బావ మాత్రం అప్పటికే హోటల్ గదిలో దుప్పటి కప్పుకుని మూలుగుతున్నాడు. కడుపు నొప్పి. ఆఫీసరూ ఆయన భార్యా చూస్తుండగా అల్లాడిపోయాడు, ఆమె తన సంచిలోంచి మాత్ర కూడా ఇచ్చింది. తలుపు మూసేటప్పుడు వెనక్కి తిరిగి చూస్తే వాడు నాకు కన్ను కొట్టాడు.

పిల్లవాణ్ణి తిప్పడానికి చక్రాల కుర్చీ బండి ఒకటి ఆమె తెచ్చుకుంది. ఆ పట్నంలో భూమి లోపల తిరిగే రైళ్లున్నాయి కదా, వాటికి దిగడానికి ఎటు చూసినా మెట్లే. మొదటి మెట్ల దగ్గరే ఆఫీసరు ఆగి, బండిని మడిచి నా చంకలో పెట్టి, పిల్లవాణ్ణి నా మెడ మీదికెత్తాడు. "కాస్త బాబుని పట్టుకోవయ్యా, మెట్లు దిగేదాకా," అన్నాడు. ఆ మెట్లు రెండు రోజులు దిగుతూనే ఉన్నాను.

కాదనవచ్చు కదా అని మీలో ఎవరైనా అనవచ్చు. అనేవాడు బాయిలో పని చేసినవాడైతే అనడు. సీటు నా కళ్ల ముందు వేలాడుతున్నది, దాని తాడు ఆయన చేతిలో ఉన్నది. పైగా ఆయన ఆ ముక్క నోటితో అనలేదు, అదే ఆయన తెలివి. మధ్యలో ఒకసారి నది ఒడ్డున భార్యతో, ఇతను నెమ్మదస్తుడు, మెషీను మీద కూర్చోబెట్టాలంటే ఇలాంటివాడే కావాలి అని నాకు వినబడేటట్టు అన్నాడు. నేను మెడ ఇంకొంచెం వంచాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే మెడే కాదు, ఒళ్లంతా మండుతుంది.

పారిస్ ఎట్లా ఉంటుందని ఊరికి వచ్చాక అందరూ అడిగారు. నేను చూసిన పారిస్‌లో ముందు ఆఫీసరు వీపు ఉంటుంది, దాని పక్కన ఆయన భార్య ఎర్ర శాలువా ఉంటుంది, నా ఛాతీ మీద రెండు చిన్న బూట్లు దరువు వేస్తుంటాయి. తల ఎత్తి పైకి చూడాల్సినవన్నీ ఆ పట్నంలో పైనే ఉన్నాయి, నాకేమో తల ఎత్తడానికి లేదు. ఇనుప గోపురాన్ని నేను దాని కాళ్ల దాకే చూశాను. వాళ్లిద్దరూ దాని పైకి ఎక్కడానికి వరుసలో నిలబడి, బాబుకు పైన గాలి పడదని వాణ్ణి నాకు వదిలి, ఇదిగో వచ్చేస్తాం అని పోయినవాళ్లు పొద్దు తిరిగినా రాలేదు. పాల సీసా ఆమె సంచిలో ఉంది, సంచి గోపురం మీద ఉంది. పిల్లవాడు ఆకలికి గుక్కపట్టి ఏడుస్తుంటే, దారిన పోయే తెల్ల ముసలమ్మలు ఆగి ఒకసారి వాణ్ణీ ఒకసారి నన్నూ చూసి, నేను వాణ్ణి ఎక్కడి నుంచో ఎత్తుకొచ్చినట్టు మొహాలు పెట్టారు. ఏం కొనాలో, ఎట్లా అడగాలో తెలియదు. నా కోటు జేబులో మా అవ్వ బియ్యప్పిండిలో నువ్వులు కలిపి చేసి మూట కట్టిచ్చిన సకినాలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. వాటిని అరచేతిలో నలిపి, నా నీళ్ల సీసాలోంచి నీళ్లు పోసి నానబెట్టి, వేలితో పెట్టాను. ఆ పిల్లవాడు చప్పరించి, కళ్లు తుడుచుకుని, ఇంకా కావాలని నా జేబులో చెయ్యి పెట్టాడు. అది అయిపోయాక కడుపు నిండిన నిమ్మళంతో నా మెడ మీదే ఉచ్చ పోశాడు, కొత్త కోటు కాలరు మీదుగా వీపు దాకా. పారిస్ చలిలో అది ఎట్లా ఉంటుందో ఆ గోపురం మీది నుంచి చూసినవాళ్లకు తెలియదు.

వాళ్లు దిగి వచ్చారు. ఆమె మొదటి చూపు పిల్లవాడి మూతి మీద ఉన్న నువ్వుగింజ మీద పడింది. "ఏం పెట్టావు వాడికి? నన్నడక్కుండా ఎవరు పెట్టమన్నారు?" అంది. సకినం అన్నాను. అదేమిటో ఆమెకు తెలియదు. తెలియనిది విషం అనుకుంది. కోటు సంగతి ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి, కోపం కోపమే, న్యాయం న్యాయమే. పిల్లవాడి తప్పు ఇందులో ఏమీ లేదు. వాడు నన్ను బాగా నడిపాడు. భూమి లోపలి రైలుకు దిగినప్పుడు నా చెయ్యి దానంతట అదే నడుముకు కట్టుకునే బాయి దీపం కోసం వెతికింది, అలవాటు అటువంటిది. అక్కడేమో గోడలకు తెల్లటి పలకలు, పట్టపగలు వెలుతురు, సెంటు పూసుకున్న ఆడవాళ్లు. ఇదేం బాయిరా అనుకుంటూ పోతుంటే పిల్లవాడు ఉత్సాహం పట్టలేక నా నెత్తి మీద అరచేత్తో ఒకటి వేశాడు. నేను టక్కున ఆగిపోయాను. అలవాటే అది కూడా, ఏళ్ల తరబడి ఒక్క గంటకు ఆగిన మనిషిని. వాడికి ఆశ్చర్యం వేసింది. ఇంకొకటి వేశాడు. నేను నడవబోయి మళ్లీ ఆగాను. కిలకిలా నవ్వాడు. ఆ సాయంత్రం దాకా నేను వాడికి మా బాయి భాషంతా నేర్పాను. ఒకటి తడితే ఆగుతాను, రెండు తడితే కిందికి దింపుతాను, కింద నిలబడి నా మోకాలి మీద మూడు తడితే పైకెత్తి మెడ మీద కూర్చోబెట్టుకుంటాను. వాడికి అంకెలు రావు, అమ్మా నాన్నా అనడం కూడా అప్పటికి సరిగ్గా రాదు, కానీ తట్టే లయ పట్టుకున్నాడు. దక్, దక్, దక్. ముఖ్యంగా ఆ మూడు. మేడల ముందూ బొమ్మల ముందూ వాళ్లమ్మ చూడు నాన్నా చూడు నాన్నా అని బతిమాలుతుంటే వాడు దేన్నీ చూడకుండా, దిగి, మూడు కొట్టి, ఎక్కి, మళ్లీ దిగేవాడు. పారిస్‌కు వచ్చి హాలేజి ఆడుకున్న పిల్లవాడు ప్రపంచంలో వాడొక్కడే అయి ఉంటాడు.

సాయంత్రం గదికి పోతే బావ మంచం మీద బాసిపట్టు వేసుకుని కర్రంత పొడుగు రొట్టె తింటున్నాడు.

"ఏం బావా, ఇయ్యాల ఏమేం సూసినవ్?"

"పోరని కాళ్లు సూసిన."

"గట్లనా. రేపు తలకాయి గూడ సూసి రా. నా కడుపునొప్పి రేపటికి గూడ తగ్గేటట్టు లేదు."

కోటు విప్పి వాడి మీదికి విసిరాను. వాసన చూసి, ఇది పారిస్ సెంటా అని అడిగాడు. అప్పుడు నవ్వాను, ఏం చేస్తాను.

రెండో రోజు బొమ్మల కొట్టం ఒకటి తిప్పి, మధ్యాహ్నానికి పెద్ద దుకాణానికి తీసుకుపోయారు. అంతస్తు మీద అంతస్తు, ఒక అంతస్తులో బట్టలు, ఒక అంతస్తులో సెంట్లు, ఒక అంతస్తులో మంచాలూ బల్లలూ అలమార్లూ. ఆమె కొన్నకొద్దీ సంచులు పెరిగాయి. పిల్లవాణ్ణీ సంచుల్నీ రెంటినీ మోయడం నాకు కుదరలేదు. అప్పుడు ఆఫీసరు పిల్లవాణ్ణి నా మెడ మీది నుంచి దింపి భార్య చేతికిచ్చి, సంచులన్నీ నా రెండు చేతులకూ తగిలించాడు. ఇది గుర్తుపెట్టుకోండి. దింపినవాడు ఆయన, ఇచ్చింది ఆమె చేతికి. మంచాల అంతస్తులో ఆమె ఒక అద్దాల బల్ల ముందు ఆగి, పిల్లవాణ్ణి కింద నిలబెట్టి, బల్ల సొరుగులు లాగి చూసింది. ఆఫీసరు వంగి ధర చూశాడు. నేను వెనకాల, రెండు చేతులా సంచులతో, కావడి మోసే మనిషిలా ఉన్నాను. వాళ్లు తల తిప్పేసరికి పిల్లవాడు లేడు.

ముందు పేరు పెట్టి పిలిచారు. తరువాత అరిచారు. ఆమె అరుపుకు దుకాణంలో పనిచేసేవాళ్లు పరుగెత్తుకొచ్చారు, వాళ్ల భాషలో ఏదో అడిగారు, ఆఫీసరుకు వచ్చిన ఇంగ్లీషు కూడా ఆ క్షణంలో ఎటో పోయింది. మెట్ల వైపు ఒకరు, లిఫ్టు వైపు ఒకరు పరుగు పెట్టారు. ఆమె నేల మీద కూలబడింది. అప్పుడు ఆయన నా వైపు తిరిగి, దుకాణమంతా వినేటట్టు అన్నాడు.

"బాబేడీ? నీకే కదా అప్పజెప్పాను!"

నేను రెండు చేతులూ ఎత్తి సంచులు చూపించాను. ఆయన చూశాడు. చూసి, మళ్లీ అదే మాట అన్నాడు.

అక్కడే సంచులన్నీ వదిలేశాను. ఎవరూ చెప్పకుండా ఆ రెండు రోజుల్లో నేను చేసిన మొదటి పని అది. నాకు ఆ సమయంలో సీటు గుర్తుకు రాలేదు, ఆయన అబద్ధం కూడా గుర్తుకు రాలేదు. నిన్నంతా నా నెత్తి మీద తట్టిన ఆ అరచెయ్యి ఒక్కటే గుర్తుకొచ్చింది. ఇంతమంది అరుపులకు వాడు ఎక్కడున్నా బిగుసుకుపోయి ఉంటాడు, అరుపుకు పలకడు అనిపించింది. అలమార్ల వరుస దగ్గరికి పోయి, మొదటి దాని తలుపు మీద వేలి కణుపులతో మూడు కొట్టి చెవి ఆనించాను. ఏమీ లేదు. పక్కదాని మీద కొట్టాను. దుకాణం పిల్ల ఒకతి నా భుజం పట్టుకుని ఏదో అంది, పిచ్చివాడనుకుని ఉంటుంది. నేను కొట్టుకుంటూ పోయాను. వరుస చివర, గోడ పక్కన, నిలువెత్తు నల్ల అలమార ఒకటి ఉంది. దాని మీద మూడు కొడితే, లోపలి నుంచి, కింద, మోకాలి ఎత్తున, మెత్తగా వచ్చింది.

దక్, దక్, దక్.

తలుపుకు బయట గడియ పడిపోయి ఉంది. తీశాను. చీకట్లో మూల నక్కి కూర్చున్నాడు, ఏడవడం లేదు, చెంపలు మాత్రం తడిసి ఉన్నాయి. నన్ను చూసి రెండు చేతులూ పైకెత్తాడు. ఎత్తుకున్నాను. అలమారకు ఆనుకుని నిలబడ్డాను.

ఆమె పరుగెత్తుకొచ్చి పిల్లవాణ్ణి గుంజుకుంది. తల్లి కదా, దానికి నేనేమీ అనను. పిల్లవాడు ఆమె భుజం మీది నుంచి నా వైపు వంగి, ఆమె తల మీద మూడు తట్టాడు, మళ్లీ మూడు తట్టాడు. ఆమె ఏడుస్తూనే వాడి చెయ్యి పట్టుకుని, చూడండి, కొట్టడం నేర్చాడు, ఎవరు నేర్పారో అని భర్తతో అంది. ఆఫీసరు నన్ను చూశాడు. ఏదో అంటాడనుకున్నాను. మంచిది అనో, పోనీలే అనో, ఏదో ఒకటి. ఆయన చుట్టూ చూసి, గొంతు సవరించుకుని అన్నాడు.

"సామాను ఎక్కడ పడేశావ్?"

వెతికి తెచ్చాను. హోటలుకు మోసుకొచ్చాను. విమానంలో పిల్లవాడు వాళ్ల మధ్య కూర్చుని వెనక వరుసలో ఉన్న నా కోసం సీటు మీదికెక్కి చూస్తుంటే ఆమె వాడి తల ముందుకు తిప్పి పట్టుకుంది. ఆయన మాత్రం తెల్లవారేదాకా ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. నాకు అప్పుడే అర్థమైంది. మనిషి తనకు చాకిరీ చేసినవాణ్ణి మరిచిపోగలడు, తన నోటి అబద్ధం ఎదురుగా నిలబడి విన్నవాణ్ణి మాత్రం రోజూ చూస్తూ భరించలేడు.

మెషీను వచ్చింది. సీటు బావకు వచ్చింది. ఏ గొడవలోనూ లేని మనిషి అని ఆయన అన్నాడట. నిజమే, దుప్పటి కింద ఏ గొడవ ఉంటుంది. బావ ఆ మాట తెలిసిన సాయంత్రమే మా క్వార్టరుకు వచ్చి, కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడి, నేను పోయి వద్దంటాను, నువ్వే తీసుకో అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు, వాడి కళ్లు చూస్తే తెలిసింది. నువ్వు వద్దంటే అది నాకు రాదు, మూడోవాడికి పోతుంది, నీ కడుపునొప్పికి కాసిన పండు, తిను అని పంపించాను. నేను మళ్లీ హాలేజి దగ్గరికే పోయాను. నిలబడి చేరాను, నిలబడే రిటైరయ్యాను.

మా నాయినకు జరిగిందంతా చెప్పాను. అప్పటికి ఆయన మంచం దిగడం మానేశాడు. అంతా విని చాలాసేపు దగ్గి, చివరికి ఒకటే అడిగాడు.

"పోరడైతే దొరికిండు గద?"

"దొరికిండు నాయినా."

"గంతే మరి."

ఆయనకు అంతేనేమో. నేను మా నాయినంత మంచివాణ్ణి కాను. ఆ ఆఫీసరు ఇక్కడ పనిచేసినన్నాళ్లూ ఎదురుపడితే దండం పెట్టలేదు, దాని ఫలితం కూడా అనుభవించాను, అది వేరే కథ.

మళ్లీ పోయిన నెల సభకు వస్తాను. భోజనాలయ్యాక బావ నా చెయ్యి పట్టి, పా బావా, దొరను ఒకసారి పలకరిద్దాం, ఇంక ఎన్నడు సూస్తమో అని వేదిక వైపు గుంజుకుపోయాడు. ఆఫీసరు పక్కన గడ్డం నెరిసిన మనిషి ఒకడు ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు. చూడగానే తెలిసింది, ఆ చెవులు నేను మరిచిపోలేదు, రెండు రోజులు నా తలకు అటూ ఇటూ ఆనిన ముఖం అది. బావ పరిచయం చేశాడు. ఆ అబ్బాయి మర్యాదస్తుడు, చెయ్యి కలిపాడు, పారిస్ వచ్చింది మీరేనా అంకుల్ అన్నాడు. తాను ఆ దుకాణంలో తప్పిపోతే తన ఏడుపు గుర్తుపట్టి వాళ్ల నాన్న వెతికి తీశాడని ఇంట్లో ఎప్పుడూ చెబుతుంటారని నవ్వుతూ చెప్పాడు.

నేను అతని కళ్లలోకి చూసి అన్నాను. "నువ్వు ఏడ్వలేదు బిడ్డా. తట్టినవ్."

అతనికి అర్థం కాలేదు. ఏంటంకుల్ అని అడగబోయాడు, అంతలో ఫోను మోగింది, ఒక్క నిమిషం అని వేలు చూపించి బయటికి పోయాడు. బావ తాంబూలం సంచుల దగ్గరికి పోయాడు. హాలు ఖాళీ అవుతున్నది, కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పెడుతున్నారు. ఆఫీసరు ఆ మెత్తటి కుర్చీలో దిగబడిపోయి, లేవాలని చూసి లేవలేక, కొడుకు కోసం అటూ ఇటూ చూసి, కర్రతో నేల మీద కొట్టాడు. ఎవరూ రాలేదు. మళ్లీ కొట్టాడు, విసుగ్గా.

దక్, దక్, దక్.

ఆయనకు ఆ లెక్క తెలియదు. పైన ఆఫీసులో కూర్చున్న మనిషి, గంట భాష మాది. కానీ నా చేతులకు తెలుసు కదా. నేను అనుకునేలోపే అవి ఆయన చంకల కిందికి పోయాయి, మనిషిని లేపి నిలబెట్టాయి. ఎంత తేలికైపోయాడో. నా భుజం పట్టుకుని ఊపిరి తీసుకుని, నా మొహంలోకి దగ్గరగా చూసి, ఎవరయ్యా నువ్వు, ఏ మైను నీది అన్నాడు. మైను పేరు చెప్పాను. మంచిది మంచిది అన్నాడు. రెండు రోజులు తన కొడుకును మోసిన మెడ పక్కనే ఆయన చెయ్యి ఉంది, ఆయనకు ఏమీ తెలియలేదు.

నేను క్షమించానని ఎవరూ అనుకోవద్దు. క్షమించలేదు. ఆయన మైకులో చెప్పింది అబద్ధం, అది నేను బతికున్నంత కాలం అబద్ధమే. జైలు కూల్చిన చోటును నేను చూడలేదు, ఇక చూడను కూడా. నా వయసు వాళ్లకు ఎవరెవరి మీద ఎంతెంత కోపం మిగిలి ఉంటుందో నాకు తెలుసు, దాన్ని ఎవరి కోసమూ తగ్గించుకోనక్కర్లేదు. కానీ మూడు కొడితే లాగాలి. అది కోపానికి సంబంధించిన విషయం కాదు.

ఇప్పుడు మా బాయి మూతికి గోడ కట్టేశారు. లోపలంతా నీళ్లు నిండాయంటారు. హాలేజి ఇంజనును ముక్కలుగా కోసి పాత ఇనుము కింద పట్టుకుపోయారు. కమాన్‌పూర్ వైపు పోతే భూమి పై నుంచే తవ్వుతున్నారు, కొండంత బండ్లు బొగ్గు నింపుకుని పోతున్నాయి, తాడు లేదు, గంట లేదు, కింద చీకట్లో ఒకడూ పైన వెలుతురులో ఒకడూ అని లేదు, అందరూ ఎండలోనే ఉన్నారు. మంచిదే, చావులు తగ్గాయి, నేను కాదనను. అయినా ఒక్కోసారి సాయంత్రం అరుగు మీద కూర్చుని చేతికర్రతో ఊరికే మూడు కొడతాను. దారిన పోయే పిల్లలు ఫోన్లోంచి తల ఎత్తరు. మా కాలంలో కొట్టినవాడు ఎవడో తెలియకుండానే లాగేవాడు ఒకడు పైన నిలబడి ఉండేవాడు. ఇప్పుడు అందరూ పైనే ఉన్నారు, లాగేవాడే కనబడటం లేదు.